జపాన్‌లో సంస్కరణ, గ్వాటెమాలాలో నేరం

పెట్టుబడిదారీ వ్యవస్థ ప్రపంచానికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్న చర్చ మొదలైన కాసేపటికే అది అమెరికా మంచిదా, చెడ్డదా అన్న వాదనగా మారిపోతుంది. ఒకరు దక్షిణ కొరియాను చూపిస్తే మరొకరు వియత్నాంను చూపిస్తారు. ఒకరు యుద్ధంలో దెబ్బతిన్న యూరప్‌కు అమెరికా చేసిన సాయమైన మార్షల్ ప్రణాళికను గుర్తుచేస్తే ఇంకొకరు చిలీలో 1973 సెప్టెంబరు 11న జరిగిన సైనిక కుట్రను గుర్తుచేస్తారు. ఇద్దరూ చెప్పేవి నిజాలే అయినా ఒకరి మాట మరొకరి చెవికెక్కదు. ఈ వాదనలో నేను రెండు పక్షాల వైపునా మాట్లాడినవాడినే. కూడికలూ తీసివేతలతో తేలని ఈ లెక్కను మరోవిధంగా చూడవచ్చని నాకు అనిపించేలా చేసినవి రెండు భూసంస్కరణ చట్టాలు. ఆరేళ్ల వ్యవధిలో వచ్చిన ఆ రెండింటిలో ఒకదాన్ని అమెరికా వెనక నిలబడి అమలు చేయించింది, రెండోదాన్ని, దానిని తెచ్చిన ప్రభుత్వంతో సహా కూలదోసింది.

మొదటిది జపాన్‌ది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అక్కడి సాగుభూమిలో దాదాపు 46 శాతం కౌలుకు నడిచేది, పండినదాంట్లో సగం దాకా భూస్వామి గాదెకు చేరేది. అమెరికన్ జనరల్ డగ్లస్ మెకార్థర్ నాయకత్వంలోని ఆక్రమణ పాలన ఈ పరిస్థితిని మార్చమని 1945 డిసెంబరులో ఆదేశించింది, 1946 అక్టోబరులో జపాన్ పార్లమెంటు అందుకు తగిన చట్టం చేసింది. ఊళ్లో ఉండని భూస్వాముల కౌలు భూమినంతటినీ, ఊళ్లో ఉన్నవారికి సుమారు ఒక హెక్టారు విడిచిపెట్టి మిగిలిన కౌలు భూమినీ ప్రభుత్వం కొని, దున్నుతున్నవారికే అమ్మింది. పరిహారాన్ని బాండ్లలో చెల్లించారు. యుద్ధానంతర ద్రవ్యోల్బణం ఆ బాండ్లను ఎంతగా కరిగించిందంటే, భూస్వాములకు చివరకు దక్కింది నామమాత్రమే. ఏ ఊళ్లో ఏ చెక్క ఎవరికి చెందాలన్నది టోక్యోలోని అధికారులు నిర్ణయించలేదు. ఊరూరా ఏర్పడిన భూమి కమిటీలు నిర్ణయించాయి. ఒక్కో కమిటీలో అయిదుగురు కౌలుదార్లు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత భూమి గల రైతులు ఉండేవారు, ఎవరి ప్రతినిధులను వారే ఎన్నుకునేవారు. నిన్నటిదాకా భూస్వామి ముందు నిలబడి మాట్లాడడానికే జంకిన మనిషి ఇప్పుడు అదే భూస్వామితో సమానంగా కూర్చుని, అతని భూమిలో ఏ భాగం ఎవరికి అమ్మాలన్నదానిపై ఓటు వేశాడు. కొద్ది సంవత్సరాల్లోనే కౌలు భూమి 10 శాతం దాకా తగ్గిపోయింది. ఈ సంస్కరణ రూపకల్పనలో సలహాదారుగా ఉన్న అమెరికన్ వ్యవసాయ నిపుణుడు వోల్ఫ్ లాడెజిన్‌స్కీ తరువాత తైవాన్‌లోనూ ఇటువంటి పనికే తోడ్పడ్డాడు.

రెండోది మధ్య అమెరికాలోని గ్వాటెమాలాది. అక్కడ ఎన్నికల్లో గెలిచి 1951లో అధ్యక్షుడైన హాకోబో ఆర్బెంజ్, తన దేశాన్ని జమీందారీ తరహా ఆర్థిక వ్యవస్థ నుంచి ఆధునిక పెట్టుబడిదారీ దేశంగా మార్చడం తన లక్ష్యమని పదవి చేపట్టిన రోజునే ప్రకటించాడు. ఆయన వాడిన మాట సోషలిజం కాదు, పెట్టుబడిదారీ వ్యవస్థే. 1952 జూన్‌లో వచ్చిన 900వ నంబరు చట్టం పెద్ద ఎస్టేట్లలో సాగు లేకుండా బీడు పెట్టిన భూమిని మాత్రమే తీసుకుని భూమిలేని కుటుంబాలకు పంచింది. సుమారు లక్ష కుటుంబాలకు భూమి దక్కింది. ఆర్బెంజ్ తన సొంత భూమిని సైతం వదులుకున్నాడు. దేశంలో అతిపెద్ద భూస్వామి అయిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అనే అమెరికన్ అరటి సంస్థ తన భూమిలో అత్యధిక భాగాన్ని బీడుగానే ఉంచింది. పన్ను తక్కువ కట్టేందుకు కంపెనీ తన భూమికి స్వయంగా ప్రకటించుకున్న విలువనే ప్రభుత్వం పరిహారంగా లెక్కగట్టి, 25 ఏళ్ల బాండ్లలో సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు ఇస్తామన్నది. అమెరికా విదేశాంగ శాఖ కంపెనీ తరఫున కోటీ 58 లక్షల డాలర్లకు పైగా అడిగింది. అంటే, పన్ను కట్టే చోట భూమికి ఒక ధర, పరిహారం అందుకునే చోట అదే భూమికి పాతిక రెట్ల ధర ఉండాలని ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వాన్ని అధికారికంగా అడిగిందన్నమాట. 1954 జూన్‌లో అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. నడిపిన కుట్రతో ఆర్బెంజ్ పదవి విడిచిపెట్టి, తరువాత దేశం దాటాడు. కొత్త పాలకుడు కాస్తియో ఆర్మాస్ ఆ చట్టాన్ని రద్దు చేయగా, పంచిన భూమి తిరిగి వెనక్కు పోయింది. 1960 నుంచి 1996 వరకు సాగిన అంతర్యుద్ధంలో మరణించినవారూ ఆచూకీ లేకుండా పోయినవారూ కలిపి రెండు లక్షల మందికి పైగా ఉంటారని, వారిలో అత్యధికులు మాయా తెగల ప్రజలేనని ఐక్యరాజ్య సమితి ప్రోద్బలంతో ఏర్పడిన విచారణ సంఘం 1999లో తేల్చింది. ఆ నివేదిక వచ్చిన కొద్ది రోజులకే గ్వాటెమాలా వెళ్లిన అధ్యక్షుడు బిల్ క్లింటన్, అక్కడి హింసకు పాల్పడిన సైనిక, గూఢచారి బలగాలకు తమ దేశం మద్దతివ్వడం తప్పని అంగీకరించాడు.

కంపెనీ లాభం కోసమే ఇదంతా జరిగిందని చెప్పి ఊరుకోవడం తేలిక. విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డలెస్, ఆయన తమ్ముడు, సి.ఐ.ఏ. అధిపతి అలెన్ డలెస్, ఇద్దరూ అంతకు ముందు ఆ కంపెనీకి పనిచేసిన న్యాయవాద సంస్థలో ఉన్నవారే కాబట్టి ఆ అనుమానానికి బలమైన ఆధారం ఉంది. అయితే కుట్ర జరిగిన కొద్ది రోజులకే, 1954 జూలైలో, అమెరికా న్యాయ శాఖ అదే యునైటెడ్ ఫ్రూట్ మీద గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కేసు పెట్టింది. కనుక వాషింగ్టన్‌ను కదిలించిన వాటిలో కమ్యూనిజం భయానికి చాలా పెద్ద పాలు ఉందని ఒప్పుకోవాలి. కానీ జపాన్‌లోనూ ఉన్నది ఆ భయమే. కౌలుదార్లకు భూమి దక్కకపోతే వారు కమ్యూనిస్టుల వైపు పోతారన్న ఆలోచనతోనే అక్కడ భూమి పంచారు. భయం ఒకటే, మందూ ఒకటే, అయినా ఫలితాలు తలకిందులు కావడానికి నాకు కనిపించే కారణం ఇది: జపాన్‌లో ఆ పనికి పూనుకున్నది అమెరికా, గ్వాటెమాలాలో ఆ పనికి పూనుకున్నది గ్వాటెమాలా. తమ పర్యవేక్షణలో జరిగితే సంస్కరణ అయినది, ఒక చిన్న దేశం తన ఓటర్ల మాట విని సొంతంగా చేసుకుంటే నేరమైంది. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న సామెత ఇక్కడ భూమి విషయంలో మాత్రమే కాదు, మంచి చేసే హక్కు విషయంలో కూడా నిజమైంది.

ఈ రెండు ఉదంతాల తరువాత నేను పెట్టుబడిదారీ వ్యవస్థను గురించీ అమెరికా విధానాన్ని గురించీ ఒకే ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాను. మార్కెట్ కావాలా వద్దా, ఎంత కావాలి, ఏ షరతుల మీద కావాలి అన్నది ఎవరు నిర్ణయించారు? దాని ఫలితాన్ని అనుభవించబోయే ప్రజలా, లేక దూరాన ఉండి ఆ ఫలితంతో ఏ సంబంధమూ లేనివారా?

పేదరికం లెక్కలు మార్కెట్ల పక్షాన గట్టిగానే మాట్లాడతాయి, వాటిని పక్కకు నెట్టేసే వామపక్ష మిత్రులతో నేను ఏకీభవించలేను. ప్రపంచ బ్యాంకు అంచనాల ప్రకారం 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా కటిక పేదరికంలో ఉండగా, 2019 నాటికి ఆ వాటా పదో వంతుకన్నా తక్కువకు దిగింది. ఇందులో సింహభాగం చైనాది. నాలుగు దశాబ్దాల్లో సుమారు 80 కోట్ల మంది అక్కడ ఆ రేఖ దాటారు. ఆ మార్పుకు ఆరంభంగా చెప్పుకునే సంఘటన 1978 చివర్లో అన్‌హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే కుగ్రామంలో జరిగింది. ఉమ్మడి సాగు కింద ఆకలితో అలమటించిన 18 కుటుంబాలవారు రహస్యంగా సమావేశమై, భూమిని ఇళ్లవారీగా పంచుకుని, సర్కారు వాటా పోగా మిగిలింది ఎవరిది వారు ఉంచుకోవాలని ఒప్పందం రాసుకుని వేలిముద్రలు వేశారు. ఈ సంగతి బయటపడి తమలో ఎవరైనా జైలుపాలైతే, వారి పిల్లలను 18 ఏళ్లు వచ్చేదాకా మిగిలినవారు పెంచాలన్న షరతు కూడా ఆ కాగితంలో ఉంది. తన పంట తనకు దక్కడమన్న అతి సామాన్యమైన హక్కు కోసం వాళ్లు పిల్లల భవిష్యత్తునే పణంగా పెట్టారు. 1959 నుంచి 1961 వరకు అదే దేశంలో కోట్లమందిని పొట్టనబెట్టుకున్న కరువును చూసినవారికి ఆ హక్కు విలువ వేరే చెప్పనక్కరలేదు. సొంత ఆస్తి, సొంత లాభం అన్నవి ధనవంతుల కోరికలు మాత్రమే అనుకునేవారు ఆ ఒప్పందాన్ని ఒకసారి తలచుకోవాలని నా కోరిక.

అయితే చైనా ఆ మార్కెట్‌ను తెచ్చుకున్నది తన వేగంతో, తన షరతుల మీద. దక్షిణ కొరియా కథ కూడా అంతే. స్వేచ్ఛా వాణిజ్యానికి నిదర్శనంగా ఆ దేశాన్ని చూపించేవారు, అక్కడి ప్రభుత్వం బ్యాంకులను తన చేతిలో పెట్టుకుని, దిగుమతులను అడ్డుకుని, పంచవర్ష ప్రణాళికలు రాసుకుని పరిశ్రమలను పెంచిందన్న సంగతి తరచు మరిచిపోతారు. ఉక్కు కర్మాగారం మీకు గిట్టుబాటు కాదని ప్రపంచ బ్యాంకు చెప్పినా వినకుండా, జపాన్ నుంచి వచ్చిన వలస పాలన పరిహారపు సొమ్ములో కొంత పెట్టి పోహాంగ్‌లో కర్మాగారం కట్టారు, 1973లో ఉత్పత్తి మొదలైంది, తరువాత అది ప్రపంచంలోని అగ్రశ్రేణి ఉక్కు సంస్థల్లో ఒకటైంది. ఇక్కడ అమెరికాకు దక్కవలసిన మంచిపేరు ఒకటుంది. జపాన్, కొరియా, తైవాన్ తమ మార్కెట్లకు గోడలు కట్టుకున్నా, తన మార్కెట్‌ను మాత్రం వాటికి చాలాకాలం తెరిచే ఉంచింది. ప్రచ్ఛన్న యుద్ధ అవసరాల కోసమే అలా చేసిందనుకున్నా, ఆ తెరిచిన తలుపు గుండా కోట్లమంది పేదరికం నుంచి బయటపడ్డారన్నది మారదు. కొరియా ప్రజలు తమ సైనిక పాలకులతో 1987 దాకా పోరాడవలసి వచ్చిందనీ, 1980 మే నెలలో గ్వాంగ్జులో సైన్యం పౌరులను కాల్చి చంపినప్పుడు వాషింగ్టన్ ఆ పాలకుల చేయి వదలలేదనీ కూడా అదే ఊపిరిలో చెప్పాలి.

బయటివారు షరతులు రాసిన చోట్ల ఇదే మార్కెట్ వేరే ముఖం చూపించింది. రష్యాలో 1992 తరువాత ధరలను ఒక్కసారిగా వదిలేసి, ప్రభుత్వ ఆస్తులను ఆదరాబాదరాగా ప్రైవేటుకు అప్పగించిన ఆ కొద్ది సంవత్సరాల్లో మగవారి సగటు ఆయుర్దాయం 58 ఏళ్ల కిందికి పడిపోయింది. ఆ కార్యక్రమంపై సంతకం చేసింది మాస్కోలోని పాలకులే అయినా, దానికి సలహాలూ అప్పులూ పాశ్చాత్య దేశాల నుంచి వచ్చాయి. ఇరాక్‌లో 2003 సెప్టెంబరులో, ఎన్నికైన ప్రభుత్వమన్నదే లేని కాలంలో, అమెరికా నియమించిన ఆక్రమణ పాలనాధికారి పాల్ బ్రెమర్ సహజ వనరులు మినహా దాదాపు అన్ని రంగాల్లోనూ నూరు శాతం విదేశీ యాజమాన్యాన్ని అనుమతిస్తూ 39వ ఉత్తర్వు జారీ చేశాడు. ఆ విధానం మంచిదైనా చెడ్డదైనా, ఒక దేశపు ఆర్థిక వ్యవస్థను ఆ దేశస్థుల ఒక్క ఓటూ లేకుండా మార్చే అధికారం ఆయనకు ఎక్కడిది?

కరీబియన్ దేశమైన హైతీ బియ్యం సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ తుపాకీ అవసరం కూడా రాలేదు. 1980ల నడిమి వరకు హైతీ తాను తినే బియ్యంలో చాలా భాగాన్ని ప్రధానంగా ఆర్తిబొనీత్ లోయలో తానే పండించుకునేది. 1986లో డువాలియేర్ల నియంతృత్వం కూలిన తరువాత అప్పుల షరతుల కింద మార్కెట్‌ను తెరవడం మొదలైంది. 1991 కుట్రలో పదవి కోల్పోయిన అధ్యక్షుడు అరిస్టీడ్‌ను 1994లో అమెరికా సేనలు తిరిగి గద్దెనెక్కించాక, మరుసటి సంవత్సరం బియ్యం మీద దిగుమతి సుంకం 3 శాతానికి దిగింది. ఆ తలుపు గుండా వచ్చింది అమెరికాలోని ఆర్కాన్సా తదితర రాష్ట్రాలలో ప్రభుత్వ సబ్సిడీతో పండిన బియ్యం. హైతీ ప్రజలు దానికి మయామీ బియ్యమని పేరు పెట్టారు. అర ఎకరమో ఎకరమో చేతి పనిముట్లతో సాగుచేసే లోయ రైతు పోటీ పడవలసి వచ్చింది ఆర్కాన్సా రైతు ఒక్కడితో కాదు, అతని వెనక ఉన్న అమెరికా ఖజానాతో. స్థానిక బియ్యానికి గిరాకీ పోయింది, రైతులు పట్నం బాట పట్టి రాజధానిలోని మురికివాడల్లో చేరారు. ఇప్పుడు హైతీ తినే బియ్యంలో దాదాపు 80 శాతం దిగుమతే. 2008లో ప్రపంచ మార్కెట్‌లో బియ్యం ధర ఆకాశాన్నంటినప్పుడు రాజధాని పోర్టో ప్రిన్స్‌లో ఆకలి అల్లర్లు చెలరేగి ప్రధానమంత్రి పదవే పోయింది. 2010 మార్చిలో బిల్ క్లింటన్ సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ ముందు, ఈ విధానం తన సొంత రాష్ట్రమైన ఆర్కాన్సాలోని రైతులకు మేలు చేసి ఉండవచ్చు గాని హైతీకి పనికిరాలేదనీ, అది పొరపాటనీ, అందులో తన పాత్ర ఉందనీ చెప్పాడు. అంతటి పదవి చేసిన మనిషి అంత సూటిగా ఒప్పుకోవడాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఆ ఒప్పుకోలుతో ఊరు విడిచిపోయిన రైతు తిరిగి పొలానికి చేరడు. పైగా దీన్ని స్వేచ్ఛా మార్కెట్ చేసిన హాని అని పిలవడం కూడా సరికాదు. ఒకవైపు సబ్సిడీ, రెండోవైపు సుంకం పెట్టుకునే హక్కు లేకపోవడం, ఈ రెండూ కలిస్తే దాన్ని మార్కెట్ అనరు.

మేలూ కీడూ ఒకే కథలో పెనవేసుకుపోయిన ఉదంతం ఎయిడ్స్ మందులది. 2000 సంవత్సరం నాటికి పేటెంట్ ఉన్న కంపెనీల మందులతో ఒక రోగికి ఏడాదికి 10 వేల నుంచి 15 వేల డాలర్లు ఖర్చయ్యేది, అందువల్ల ఆఫ్రికాలో ఆ మందులు రోగుల దరిదాపుల్లోకి రాలేదు. చవక మందులు తెప్పించుకోవడానికి దక్షిణాఫ్రికా పార్లమెంటు 1997లో చట్టం చేస్తే, 39 మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి. అమెరికా ప్రభుత్వం ఆ కంపెనీల పక్షాన నిలిచి, దక్షిణాఫ్రికాను వాణిజ్యపరమైన నిఘా జాబితాలో చేర్చింది. నెల్సన్ మండేలా అధ్యక్షుడుగా ఉన్న దేశం, తన పౌరులు ప్రతిరోజూ చనిపోతుంటే చేసుకున్న చట్టం అది. 2001 ఫిబ్రవరిలో ముంబయికి చెందిన సిప్లా అవే మందులను సేవాసంస్థలకు ఏడాదికి 350 డాలర్లకు, అంటే రోజుకు ఒక డాలరుకన్నా తక్కువకు ఇస్తామని ప్రకటించడంతో, ధర వెనక ఉన్నది తయారీ ఖర్చు కాదని లోకమంతటికీ తెలిసిపోయింది. సిప్లా ఆ పని చేయగలగడానికి కారణం భారతదేశం 1970లో చేసుకున్న పేటెంట్ల చట్టం. మందు మీద కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇచ్చిన ఆ చట్టాన్ని మార్చమని అమెరికా ఏళ్ల తరబడి ఒత్తిడి చేసింది. ఆ ఒత్తిడి ముందే ఫలించి ఉంటే ఆ 350 డాలర్ల మందు పుట్టేది కాదు.

ఆ తరువాత జరిగింది కూడా అంతే నిజం. అమెరికాలోని ఎయిడ్స్ కార్యకర్తలు 1999లో ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఎన్నికల సభల్లో అడ్డంపడి నినాదాలు చేశారు, తమ ప్రభుత్వాన్ని సిగ్గుపడేలా చేశారు, విధానం మారింది. 2001 ఏప్రిల్‌లో కంపెనీలు కేసు ఉపసంహరించుకున్నాయి. 2003లో అధ్యక్షుడు జార్జ్ బుష్ అయిదేళ్లకు 1,500 కోట్ల డాలర్లతో పెప్‌ఫార్ అనే ఎయిడ్స్ సహాయ పథకాన్ని ప్రకటించాడు. ఇరాక్ మీద దాడి చేసిన మనిషే, ఆ సంవత్సరమే. ఆ పథకం కింద కొన్న మందుల్లో అధిక భాగం భారతీయ కంపెనీలు తయారుచేసిన జనరిక్ మందులే, అంటే అదే మందుకు చవక రూపాలే. దానివల్ల రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిచాయని అమెరికా ప్రభుత్వపు అంచనా. అమెరికా విదేశాంగ విధానం ప్రపంచానికి కీడు తప్ప మరేమీ చేయలేదనేవారికి నేను చూపించే మొదటి సాక్ష్యం ఇదే. ఏ మినహాయింపులూ లేకుండా దాన్ని మెచ్చుకుంటాను. కానీ 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం విదేశీ సహాయాన్నంతా ఒక్క ఉత్తర్వుతో నిలిపివేసినప్పుడు, ప్రతిరోజూ ఆ మాత్ర వేసుకోవలసిన మనిషికి ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేదు. కొన్నింటికి వెంటనే మినహాయింపులు ఇచ్చినా చాలాచోట్ల క్లినిక్‌లు మూతపడ్డాయి. సహాయం ఎంత గొప్పదైనా, అందుకునేవారి చేతిలో దాని మీద ఏ హక్కూ లేనప్పుడు అది ఇచ్చేవారి మనసు మారేదాకానే నిలుస్తుంది.

ఇటువంటి పరిస్థితి భారతదేశానికి కూడా ఎదురైంది. 1965, 1966 కరువుల్లో దేశం అమెరికా గోధుమల మీద ఆధారపడింది. 1966 ఒక్క సంవత్సరంలోనే దాదాపు కోటి టన్నుల ధాన్యం వచ్చింది. ఆ ఓడలు రాకపోతే బీహారులో ఎందరు చనిపోయేవారో ఊహించడానికే భయమేస్తుంది, అందుకు కృతజ్ఞత చూపడం మన ధర్మం. వియత్నాం మీద బాంబు దాడులను భారత ప్రభుత్వం విమర్శించినందుకు నొచ్చుకున్న అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఆ ధాన్యాన్ని నెల నెలా కొద్దికొద్దిగా, తాను స్వయంగా అనుమతిస్తేనే విడుదలయ్యేలా కట్టడి చేశాడు. ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం, శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ వంటివారు ఆ అవమానం నుంచే దారి వెతికారు. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. ఆ విత్తనాన్ని రూపొందించిన నార్మన్ బోర్లాగ్ అమెరికన్, ఆయన పరిశోధనకు డబ్బిచ్చింది రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, అంటే చమురు గుత్తాధిపత్యం నుంచి పుట్టిన పెట్టుబడి. 1965లో సుమారు 1.2 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1970 నాటికి 2 కోట్ల టన్నులు దాటింది. అమెరికా నుంచి వచ్చిన గింజకన్నా అమెరికన్ శాస్త్రవేత్త ఇచ్చిన విత్తనం ఎందుకు ఎక్కువ మేలు చేసిందో నేను వేరే వివరించనక్కరలేదనుకుంటాను.

ఇక్కడ నాకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటుంది. ప్రతి దేశం తన నిర్ణయం తాను తీసుకోవాలంటే, సొంత ప్రజలనే చంపుకునే పాలకుల సంగతేమిటని అడుగుతారు. నేను చెప్పే నిర్ణయాధికారం ప్రజలది, గద్దె మీద కూర్చున్నవారిది కాదు. 1970 డిసెంబరులో తూర్పు పాకిస్తాన్ ప్రజలు ఎన్నికల్లో తమ తీర్పు చెప్పారు, 1971 మార్చిలో పాలకులు ఆ తీర్పుకు సైన్యంతో జవాబిచ్చారు. ఢాకాలోని అమెరికన్ కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహచరులు ఏప్రిల్ 6న తమ ప్రభుత్వ మౌనాన్ని తీవ్రంగా ఖండిస్తూ వాషింగ్టన్‌కు టెలిగ్రామ్ పంపారు. తన ఉద్యోగాన్ని పణంగా పెట్టి ఆయన చేసిన పనికి ప్రతిఫలంగా అధ్యక్షుడు నిక్సన్, అతని భద్రతా సలహాదారు కిసింజర్ ఆయనను అక్కడి నుంచి తప్పించారు. చైనాతో సంబంధాలకు పాకిస్తాన్ మధ్యవర్తిగా అవసరమవడమే వాషింగ్టన్ మౌనానికి ముఖ్య కారణం. అమెరికా అంటే వాషింగ్టన్ మాత్రమే కాదని, ఆర్చర్ బ్లడ్ కూడా అమెరికాయేనని గుర్తుంచుకోవాలి.

అమెరికా లేకపోతే ఆ స్థానంలోకి వచ్చేవారు ఇంకా ఘోరంగా ఉండేవారన్న వాదన మరొకటి. 1956లో హంగరీని, 1968లో చెకొస్లొవేకియాను సోవియట్ ట్యాంకులు ఎలా తొక్కాయో చదివినవారెవరూ ఆ మాటను తేలికగా తోసిపుచ్చలేరు. హంగరీ రక్తసిక్తమైన ఆ వారాల్లోనే అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద దాడి చేసిన తన సొంత మిత్రులు బ్రిటన్, ఫ్రాన్స్‌లపై ఆర్థిక ఒత్తిడి తెచ్చి వెనక్కు పంపాడు. గ్వాటెమాలా కుట్రకు అనుమతి ఇచ్చింది కూడా ఆయనే. పొరుగువాడు దుర్మార్గుడన్నది మన తప్పుకు క్షమాపణ కాజాలదు. లావోస్ మీద 1964 నుంచి 1973 వరకు అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. చిన్న బంతుల్లాంటి క్లస్టర్ గుళ్లు సుమారు 27 కోట్లు పడగా, వాటిలో మూడో వంతు దాకా పేలకుండా నేలలో మిగిలాయి. యుద్ధం ముగిశాక పుట్టిన పిల్లలు వాటిని ఆటవస్తువులనుకుని చేతిలోకి తీసుకుని చనిపోయారు. ఏ సోవియట్ నేరాన్ని పక్కన పెట్టి తూచినా ఆ పిల్లల చావు తేలికపడదు. 2016లో బరాక్ ఒబామా లావోస్ వెళ్లి, వాటిని ఏరివేయడానికి మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. బాంబులు ఆగిన 43 సంవత్సరాలకు.

నిర్ణయాధికారం అన్నది నైతికమైన మాటగా మాత్రమే మిగిలిపోకుండా, అంకెల్లో రాసిపెట్టి ఉన్న చోటు అంతర్జాతీయ ద్రవ్య నిధి. అక్కడ ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి. చైనా, భారత్, బ్రెజిల్ వంటి దేశాల వాటాను కొంత పెంచే సవరణను నిధి పాలక మండలి 2010 డిసెంబరులోనే ఆమోదించింది. కానీ అమెరికా కాంగ్రెస్ 2015 డిసెంబరు దాకా దాన్ని ఆమోదించకపోవడంతో, మిగిలిన దేశాలన్నీ అయిదేళ్లు ఎదురుచూశాయి. అప్పు తీసుకునే దేశం సుంకాన్ని ఎంతకు తగ్గించాలో, రొట్టె మీద రాయితీ ఎత్తివేయాలో లేదో మాట్లాడుకునే సంస్థ అది. ఏ ఒక్క దేశానికీ అడ్డుచెప్పే శక్తి లేనంతగా ఆ 85 శాతాన్ని తగ్గించాలని నేను కోరుకుంటాను. ఆ మార్పుకు కావలసింది కూడా 85 శాతం ఓట్లే కాబట్టి, అది అమెరికన్ ఓటర్లు తమ ప్రతినిధులను ఒప్పించకుండా జరిగే పని కాదు. 1999లో ఒక ఉపాధ్యక్షుడి సభల్లో లేచి నిలబడి దక్షిణాఫ్రికా రోగుల కోసం నినాదాలు చేసినవారు ఆ దేశపు ఓటర్లే.